మెట్లకు లేని పన్ను ర్యాంపుకెందుకు? గుంటూరులో ఒక ఇంటి పన్ను కేసు

ఈ కేసులో డబ్బు పెద్దది కాదు. ఏడాదికి ₹50 ఇంటి పన్ను కట్టుకుంటున్న ఒక చిన్న ఇంటికి ₹1,640 డిమాండ్ వచ్చింది. పన్ను సవరించమని రివిజన్ పిటిషన్ వేసి దాన్ని మళ్లీ ₹50కి తీసుకొచ్చాం. కుళాయి పన్ను బకాయి విషయంలో మాత్రం వాయిదాల్లో కట్టుకునే వీలు తప్ప ఇంకేమీ రాలేదు. అయినా ఈ కేసును వివరంగా రాయాలనుకున్నాను. దివ్యాంగులున్న ఇంటికి పన్ను రాయితీ అనగానే అందరూ "ఎంత శాతం తగ్గిస్తారు?" అని అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. వైకల్యం వల్ల తప్పనిసరై కట్టుకున్న గదినీ, తప్పనిసరై వాడే నీళ్లనీ పన్ను లెక్కలో ఎలా చూస్తున్నారు? ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నేను గుంటూరులో లాయర్‌ని. దివ్యాంగుల సర్టిఫికెట్లు, పెన్షన్లు, ఇళ్ల సమస్యల మీద ఎక్కువగా పనిచేస్తాను. ఈ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, వీధి, ఏ ఆఫీసు అన్నది తీసేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే కేసు నిలబడిందే కొలతల మీద.

ఇల్లు, మనుషులు

అతను మిర్చి యార్డులో హమాలీ. సీజన్‌లో ఒకరోజు లారీ మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, సర్దుతుంటే పై వరస జారింది. నలభై కిలోలు దాటిన టిక్కీతోపాటు కిందపడ్డాడు. వెన్నుపూస విరిగి నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. అప్పటికి అతనికి నలభై ఏళ్లు కూడా లేవు. భార్య మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇద్దరు పిల్లలు. ఇల్లు తల్లి పేరు మీద ఉంది, ఎప్పుడో ఇచ్చిన పట్టా స్థలంలో కట్టుకున్నది. ఒక గది, వంటగది, చిన్న వరండా. బాత్రూమ్ పెరట్లో విడిగా ఉండేది, నాలుగడుగులకు ఐదడుగులు, గుమ్మం రెండడుగులే.

పాత లెక్క ప్రకారం ఆ ఇల్లు 306 చదరపు అడుగులు. మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. 2020 నవంబరు 24 నాటి జీవో 198లో నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేట్లు పెట్టారు. అదే విధానంలో 375 చదరపు అడుగుల లోపు ఉండి, యజమాని సొంతంగా కాపురముంటున్న ఇంటికి ఏటా ₹50 మాత్రమే. పేదల ఇళ్లకు అది పెద్ద ఊరట. తల్లి ఏటా ఆ యాభై కట్టి రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేది. పాత రసీదులన్నీ ఆమె దగ్గర ఉండబట్టే మా పని చాలా తేలికైంది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. వీల్‌చైర్ పెరటి బాత్రూమ్ గుమ్మంలో పట్టదు. ఇంటి ముందు మూడు మెట్లు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తితే తప్ప అతను వీధిలోకి రాలేడు. భార్య పనికి పోతే ఇంట్లో ఉండేది అతనూ, డెబ్బై దగ్గరపడ్డ తల్లీ. ఆమె ఎత్తలేదు. దాదాపు ఏడాది పాటు అతనికి మంచం మీదే స్నానం, మంచం మీదే అన్నీ.

చీటీ డబ్బు పెట్టి, బంధువుల దగ్గర కొంత చేబదులు తీసుకుని వాళ్లు రెండు పనులు చేయించారు. గదికి ఆనించి లోపలి నుంచే వెళ్లేలా బాత్రూమ్ కట్టారు. వీల్‌చైర్ ఉన్నచోటే గుండ్రంగా తిరగాలంటే 1,500 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఐదడుగుల వెడల్పు ఖాళీ కావాలి. కమోడ్, పట్టుకోవడానికి కడ్డీలు, స్నానానికి చోటు కలిపితే లోపల రెండు మీటర్లు బై రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు పడుతుంది. గోడలతో కలిపి అది 58 చదరపు అడుగులైంది. ఇది సోకు కోసం పెంచిన బాత్రూమ్ కాదు. ఇంతకంటే తగ్గిస్తే కుర్చీ తిరగదు.

రెండోది ర్యాంపు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది కొలత. అంతకంటే నిటారుగా కడితే కుర్చీ వెనక్కి పడే ప్రమాదం ఉంది. ఇంటి పునాది ఎత్తు ఒకటిన్నర అడుగు. అందుకని 18 అడుగుల ర్యాంపు, నాలుగడుగుల వెడల్పు. చిన్న స్థలం కాబట్టి ఇంటి పక్క సందులోంచి వెనక్కి తిప్పి వేశారు. వానకు సిమెంటు జారుతోందని నాలుగు ఇనప గొట్టాలు పాతి పైన రేకులు వేశారు. పన్నుకు సంబంధించిన గొడవంతా ఈ రేకుల దగ్గర మొదలైంది.

స్పెషల్ నోటీసు

కొత్త కట్టడం కనబడితే సిబ్బంది వచ్చి కొలుస్తారు, అది వాళ్ల పని. అలాగే కొలిచారు. కొద్ది వారాలకు పన్ను మారుస్తున్నట్టు స్పెషల్ నోటీసు వచ్చింది. ప్లింత్ ఏరియా, అంటే గోడలతో కలిపి కట్టడం వైశాల్యం, 436 చదరపు అడుగులు. 375 దాటింది కాబట్టి ₹50 పద్ధతి పోయి మామూలు మూలధన విలువ లెక్కలోకి వెళ్లింది. దానికి లైబ్రరీ సెస్సు, ప్లాన్ లేకుండా కట్టినందుకు పెనాల్టీ కలిశాయి. ఏడాదికి పన్ను 15 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి పాత కొలతతో ఉన్న ఇళ్లకే గానీ కొత్తగా పెంచిన కట్టడానికి కాదన్నది ఆఫీసు మాట.

తల్లి ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగిన మొదటి మాట పన్ను గురించి కాదు. "అయ్యా, ఇది కట్టకపోతే వాడి పెన్షన్ ఆపుతారా?" అని అడిగింది. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు ₹15,000 పెన్షన్ వస్తోంది. ఆ ఇంటి బియ్యం, కేథటర్లు (మూత్రం తీసే గొట్టాలు), మందులు, పిల్లల ఫీజులు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. పెన్షన్ల మళ్లీ తనిఖీ మాట వచ్చినప్పటి నుంచి ఇలాంటి ఇళ్లలో ఏ ప్రభుత్వ కాగితం వచ్చినా టెన్షనే. పన్నుకూ పెన్షన్‌కూ సంబంధం లేదని ఆమెకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆమె రెండో భయం ప్లాన్ గురించి. "మేం పర్మిషన్ లేకుండా కట్టాం గదయ్యా, అర్జీ పెడితే వచ్చి కొడతారేమో" అంది. ఈ భయంతోనే చాలా కుటుంబాలు నోటీసు వచ్చినా నోరు మెదపవు. అడిగితే ఉన్నది కూడా పోతుందని అప్పు చేసి కట్టేస్తారు. నా అనుభవంలో ఇంటి పన్ను తప్పులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే. అనుమతి లేని భాగం మీద పెనాల్టీ పన్నుతో ముడిపడినదని, పన్ను తగ్గితే అదీ తగ్గుతుందని, కొలత సరిచేయమని అడగడం యజమాని హక్కని ఆమెకు వివరించాను. ఆమె ఆలోచించుకుని మర్నాడు కొడుకును అడిగి వచ్చి సంతకం చేసింది.

వైకల్యం పేరుతో అడగలేదు, ఎందుకు

ఇలాంటి కేసు రాగానే చాలామంది "దివ్యాంగుడున్న ఇల్లు, దయతో మాఫీ చేయండి" అని అర్జీ రాస్తారు. అలా రాస్తే కేసు మొదట్లోనే పోతుంది. మినహాయింపు ఇవ్వాలంటే చట్టంలోనో, జీవోలోనో దానికో ఆధారం ఉండాలి. మా పిటిషన్‌కు ఆసరాగా నిలబడేది ఏదీ నాకు కనబడలేదు. ఆధారం లేకుండా దయ చూపితే రేపు ఆడిట్‌లో ఆ అధికారే సమాధానం చెప్పుకోవాలి. అందుకే మనసు కరిగినా వాళ్లు ఫైలు కదపరు. దానికి వాళ్లను తప్పుపట్టలేను.

పైగా ఈ కేసులో యజమాని తల్లి, వైకల్యం కొడుక్కి. "దివ్యాంగులైన యజమానులకు" అని ఎవరైనా రాయితీ ఇచ్చినా ఈ ఇంటికి అందదు. ఢిల్లీ నగరపాలక సంస్థ సొంత ఇంట్లో ఉంటున్న దివ్యాంగులకు 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం తగ్గిస్తుంది. మంచి రాయితీ, కానీ అది యజమాని దివ్యాంగుడైతేనే. మన ఇళ్లలో ఆస్తి నాన్న పేరు మీదో అమ్మ పేరు మీదో ఉంటుంది. మంచం పట్టినవాడు కొడుకో, కూతురో, మనవడో అవుతాడు.

అందుకని పిటిషన్‌లో ఒకే పాయింటు పెట్టాం. కొలత తప్పు. 436లో 72 చదరపు అడుగులు ర్యాంపువి. పద్దెనిమిది నాలుగుల డెబ్బై రెండు. అవి ఇంటి వైశాల్యంలోకి రావు. వాటిని తీసేస్తే 364. అది 375 లోపే.

ఈ వాదనకు బలం తల్లి దగ్గరున్న పాత రసీదుల నుంచే వచ్చింది. పాత 306 అడుగుల కొలతలో ముందున్న మూడు మెట్లను ఎవరూ కలపలేదు. ఏ ఇంటికీ కలపరు కూడా. మెట్లు ఇంట్లోకి వెళ్లే దారి, కాపురముండే చోటు కాదు. కాళ్లున్నవాడు మూడు మెట్లెక్కి వెళతాడు, కాళ్లు కదలనివాడు పద్దెనిమిది అడుగుల వాలు మీద వెళతాడు. ఇద్దరూ చేరేది అదే గుమ్మానికి. మొదటివాడి దారికి పన్ను లేనప్పుడు రెండోవాడి దారికి ఎలా వస్తుంది? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మూడో సెక్షన్ సమానత్వం, వివక్ష లేకపోవడం గురించి చెబుతుంది. దాన్ని పిటిషన్ చివర ఒక్క పేరాలో పెట్టాను. ముందు టేపు, తర్వాత చట్టం.

జతచేసిన కాగితాలు: నోటీసు నకలు, పాత పన్ను రసీదులు, లైసెన్సు ఉన్న ఇంజినీరు గీసిన కొలతల స్కెచ్చు, నాలుగు వైపులా తీసిన ఫొటోలు, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతం చెప్పే ధ్రువపత్రం), ఆధార్. స్కెచ్చులో మూడు భాగాలకూ విడివిడిగా అంకెలు వేయించాం: పాత ఇల్లు 306, బాత్రూమ్ 58, ర్యాంపు 72. నోటీసులో మొత్తం ఒకే అంకెగా ఉంటే తప్పు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. ఇలాంటి కేసులు చూసే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. ముందు కొలత షీటు నకలు అడగండి, దాన్ని భాగాలుగా విడదీయండి.

ఇంకో జాగ్రత్త. పిటిషన్ వేశాం కదా అని పన్ను ఆపలేదు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. నోటీసు ప్రకారం మొదటి అర్ధ సంవత్సరం పన్ను అభ్యంతరం తెలుపుతూ కట్టించి రసీదు తీసుకున్నాం. ఇది తల్లికి నచ్చలేదు. తప్పని చెబుతూనే ఎందుకు కట్టాలి అని ఆమె ప్రశ్న. గెలిస్తే అది ముందు ముందు బిల్లులకు సర్దుతారని చెప్పి ఒప్పించాం. ఆమె అడిగింది న్యాయమైన మాటే, కానీ వడ్డీ ఆగదు.

టేపు మళ్లీ పట్టిన రోజు

మళ్లీ కొలవడానికి ఒక అధికారి, ఇద్దరు సిబ్బంది వచ్చారు. అధికారి ర్యాంపు మీద నడిచి చూశారు. పైనున్న రేకులను చూపించి, "పైకప్పు ఉంది సార్, పైకప్పున్న చోటును కట్టడం అనకుండా ఎలా ఉంటాం?" అన్నారు. గోడలు లేవు, తలుపు లేదు, అక్కడ ఎవరూ పడుకోరు, వండుకోరు అని చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. తనకిచ్చిన ఫారంలో ర్యాంపు అనే గడి లేదన్నారు. గది, వరండా, షెడ్డు ఉన్నాయి. రేకులున్నాయి కాబట్టి షెడ్డు గడిలో వేశారు. మనిషి దురుద్దేశం ఇందులో ఏమీ లేదు. ఫారం తయారుచేసినప్పుడు వీల్‌చైర్ ఎవరి మనసులోనూ లేదు.

కాసేపటికి ఆయనే ఒక దారి చూపించారు. రేకులు తీసేస్తే అది ఖాళీ స్థలంలో వేసిన సిమెంటు దారి అవుతుంది, దాన్ని కొలవాల్సిన పని ఉండదు అని.

నాకది మింగుడుపడలేదు. రేకులున్నా అది ర్యాంపే, పట్టుబట్టి వాదించాలని నాకుంది. ఆ వాదన గెలిస్తే ఇంకో పది ఇళ్లకు పనికొస్తుంది. కానీ ఆ ఇంటివాళ్లకు కావాల్సింది పది ఇళ్ల తీర్పు కాదు, వాళ్ల పన్ను తగ్గడం. అతను వీల్‌చైర్‌లో కూర్చునే, "తీయించెయ్యండి సార్, వానాకాలం ఎట్టాగో చూసుకుంటాం" అన్నాడు. కేసు వాళ్లది. రేకులు తీశారు. జారకుండా మేస్త్రీ చేత సిమెంటు మీద అడ్డంగా గీతలు కొట్టించాం. ముసురు పట్టిన రోజున ఇప్పుడు అతను బయటికి రాడు.

మళ్లీ కొలిచాక 364 చదరపు అడుగులు రాశారు. ₹50 పద్ధతిలోకి తిరిగి చేర్చారు, కట్టిన మొత్తం ముందు బిల్లులకు సర్దుబాటు చేశారు. ఉత్తర్వులో "కొలత సవరించడమైనది" అని ఒక్క వాక్యమే ఉంది. ర్యాంపు లెక్కలోకి రాదన్న మాట ఎక్కడా లేదు. మా గెలుపు ఇంకో ఇంటికి చూపించుకోవడానికి పనికిరాదు.

పదకొండు అడుగుల అదృష్టం

375కీ 364కీ మధ్య పదకొండు అడుగులు. ఆ పదకొండు మిగలడం వల్ల గెలిచాం. ఇదే సమయంలో ఇంకో కుటుంబం వచ్చింది. వాళ్ల అబ్బాయికి కండరాల క్షీణత వ్యాధి. వాళ్లదీ సొంత ఇల్లే, 352 చదరపు అడుగులు. వాళ్లూ అదే కొలతలో బాత్రూమ్ కట్టుకున్నారు. 352కు 58 కలిస్తే 410. అక్కడ ర్యాంపు గొడవ లేదు, రేకుల గొడవ లేదు, కొలత నిఖార్సుగా సరైనదే. కాబట్టి వాదించడానికి ఏమీ లేదు. కొడుక్కి స్నానం చేయించడానికి గది కట్టిన కారణంగానే వాళ్లు పేదల పన్ను నుంచి మామూలు పన్నులోకి మారిపోయారు. వాళ్లింట్లో అంతకుముందుకంటే ఒక్క రూపాయి ఆదాయం పెరగలేదు. ఆ ఇంట్లో పెరిగింది ఖర్చే.

ఈ రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రాయితీ కావాలో తేలిపోతుంది. ఫలానా శాతం తగ్గించమని అడగడం కంటే, వైకల్యం వల్ల తప్పనిసరైన చోటును లెక్కలోంచి తీసేయమని అడగడం సూటిగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్నుకు 1992 నాటి నిబంధనల్లో సరిగ్గా ఇదే ఉంది. దివ్యాంగుడి అవసరం కోసం అదనపు బాత్రూమ్‌గానీ, వంటగదిగానీ, అతను ముఖ్యంగా వాడే గదిగానీ, ఇంట్లో వీల్‌చైర్ తిరగడానికి అదనపు చోటుగానీ ఉంటే ఆ ఇంటిని ఒక మెట్టు కింది పన్ను బ్యాండ్‌లో లెక్కిస్తారు. యజమాని దివ్యాంగుడు కానక్కర్లేదు, ఆ ఇంట్లో దివ్యాంగుడు ఉంటే చాలు. ఉత్తర ఐర్లండ్‌లో అలాంటి ఇళ్లకు రేట్స్ అనే పన్నులో 25 శాతం తగ్గింపు ఉంది. ఆదాయం ఎంత అని అడగరు, ఆ గది ఎందుకు కట్టారని అడుగుతారు.

మన దగ్గర ఇలాంటిది చేయడానికి కేంద్రం వైపు చూడాల్సిన పనిలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో తొమ్మిదో అంశం దివ్యాంగులకు సహాయం, నలభై తొమ్మిదో అంశం భూములు, భవనాల మీద పన్నులు, పదిహేడో అంశం నీటి సరఫరా. మూడూ రాష్ట్రం చేతిలోవే. ₹50 పద్ధతి ఒక జీవోతో వచ్చింది. బాత్రూమ్ 58 అడుగులను తీసేసి లెక్కించమని చెప్పడానికీ ఒక జీవో చాలు.

నీళ్లు

ఇంటి పన్ను పని జరుగుతుండగానే కుళాయి పన్ను బకాయి బయటపడింది. ఆసుపత్రిలో ఉన్న కాలమంతా ఎవరూ కట్టలేదు. బకాయి కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామని నోటీసు. ఈ ఇంట్లో కుళాయి ఆగడం అంటే ఏమిటో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియాలంటే లెక్క చూపించాలి. అతని భార్యను ఒక వారం నోటుబుక్కులో రాయమన్నాను. ఆమె చక్కగా రాసింది. 20 లీటర్ల బకెట్లు, ఏ పనికి ఎన్ని అని గీతలు గీసుకుంటూ.

నడుము కింద స్పర్శ లేనివాళ్లకు మూత్రం మీద అదుపు ఉండదు. రోజుకు నాలుగైదు సార్లు కేథటర్ పెట్టుకోవాలి, ప్రతిసారీ చేతులు, ఆ భాగం శుభ్రంగా కడుక్కోవాలి. లేకపోతే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోతుంది. మలవిసర్జన దానంతటది జరగదు, దానికి ఒక సమయం పెట్టుకుని చేయించాలి, తర్వాత మనిషినీ కుర్చీనీ గదినీ కడగాలి. పక్క తడిస్తే దుప్పటి వెంటనే మార్చాలి. తడి మీద కూర్చుంటే పుండు పడుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. భార్య రాసిన లెక్కలో స్నానానికి మూడు బకెట్లు, శుభ్రానికి నాలుగు, బట్టలకూ దుప్పట్లకూ ఆరు. పదమూడు బకెట్లు, అంటే 260 లీటర్లు, ఒక్క మనిషికి. డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది నీటి సరఫరా పథకాలు వేసేటప్పుడు పెట్టుకునే లెక్క. అతనికి దానికి దాదాపు రెట్టింపు కావాలి. కుళాయి నీళ్లు చాలని రోజున బోరు నీళ్లు మోసుకొస్తారు. అవి ఉప్పగా ఉండి సబ్బు నురగ రాదు, మళ్లీ ఇంకో బకెట్ పోయాలి.

ఆ నోటుబుక్కు పేజీలు, డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేసి మూడు అడిగాం. కనెక్షన్ తీయొద్దు, బకాయికి వాయిదాలు ఇవ్వండి, వైద్య అవసరం ఉన్న ఇల్లుగా రిజిస్టర్‌లో నమోదు చేయండి. దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో సామాజిక భద్రత పథకాల కింద సురక్షితమైన తాగునీరు, పారిశుద్ధ్య వసతి, ముఖ్యంగా పట్టణ పేదవాడల్లో, అని స్పష్టంగా ఉంది. మామూలు పథకాల కంటే కనీసం 25 శాతం ఎక్కువ సాయం ఇవ్వాలని కూడా ఉంది. అయితే అదే సెక్షన్ "ఆర్థిక స్తోమత మేరకు" అనే మాటతో మొదలవుతుంది. ఆఫీసులు చేతులు దులుపుకోవడానికి ఆ మాట చాలు.

మొదటిదీ రెండోదీ ఒప్పుకున్నారు. వాయిదాలు నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసిమ్మని పట్టుబట్టాను. సిబ్బంది బదిలీ అయితే నోటిమాటకు విలువ ఉండదు. మూడోదానికి అలాంటి రిజిస్టర్ లేదన్నారు. బకాయిలో ఒక్క రూపాయి తగ్గలేదు. మార్చి నెలాఖరులోగా ఒకేసారి కడితే వడ్డీలో మాఫీ అంటూ ప్రభుత్వం ఇంటి పన్నుకు అప్పుడప్పుడు ఉత్తర్వులిస్తుంది. ఒకేసారి కట్టగలిగేవాళ్లకే అవి ఉపయోగం.

ఈ ఇంటికి ప్రస్తుతానికి మీటరు లేదు. ఎంత వాడినా నెలకు ఒకే చార్జీ. కాబట్టి 260 లీటర్లు వాడినా బిల్లు పెరగదు. కానీ 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ 2.0 పథకం పట్టణాలను 24 గంటల నీటి సరఫరా, మీటర్ల వైపు తీసుకెళుతోంది. మీటరు వచ్చిన రోజున వాడిన లీటరుకు లెక్క. అప్పుడు ఆ పదమూడు బకెట్లు నేరుగా బిల్లులో కనబడతాయి. దుప్పటి మార్చాలా వద్దా అని ఆ ఇల్లాలు బిల్లు చూసి నిర్ణయించుకునే పరిస్థితి రాకూడదు. ఇంగ్లండ్‌లో మీటర్లున్న ఇళ్లకు వాటర్‌ష్యూర్ అనే ఏర్పాటు ఉంది. ప్రభుత్వ సాయం పొందుతూ, వైద్య కారణంతో నీళ్లు ఎక్కువ వాడాల్సిన మనిషి ఇంట్లో ఉంటే బిల్లు సగటు ఇంటి బిల్లును దాటకుండా ఆపుతారు. ఉత్తర ఐర్లండ్‌లోనైతే ఇళ్లకు విడిగా నీటి బిల్లే వేయరు. మన దగ్గర మీటర్లు బిగించాక ఈ మాట ఎత్తితే అప్పటికే బకాయిలు పేరుకుని ఉంటాయి. మీటర్ల నియమాలు (బైలాలు) రాస్తున్నప్పుడే ఎత్తాలి.

ఇప్పుడు ఎక్కడుంది

ఇంటి పన్ను వరకు ఆ కుటుంబం ఫైలు ముగిసింది. కుళాయి బకాయి వాయిదాలు నడుస్తున్నాయి, ఇప్పటివరకు ఏదీ తప్పలేదు.

రెండు ఇళ్ల కాగితాలనూ కలిపి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు అర్జీ పెట్టాం. చట్టం 80వ సెక్షన్ ప్రకారం దివ్యాంగుల హక్కులకు అడ్డుపడే నిబంధనలను పరిశీలించి సరిచేయమని కమిషనర్ సిఫారసు చేయవచ్చు. 81వ సెక్షన్ ప్రకారం సిఫారసు అందిన శాఖ ఏం చేసిందో మూడు నెలల్లో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం రాయాలి. ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో సోమవారం అర్జీ ఇవ్వడం తేలికే, కానీ అక్కడ ఒక ఇంటి సమస్య తీరుతుంది, నిబంధన మారదు. అందుకే దారి కొంచెం దూరమైనా ఇది ఎంచుకున్నాం.

అర్జీలో అడిగినవి ఇవి. సదరం లేదా యూడీఐడీ ప్రకారం 40 శాతం పైబడిన వైకల్యం ఉన్న మనిషి ఆ ఇంట్లో ఉంటే, యజమాని ఎవరైనా సరే, అతని అవసరానికి కట్టిన బాత్రూమ్‌నూ వీల్‌చైర్ చోటునూ ఒక పరిమితి వరకు ప్లింత్ ఏరియా లెక్క నుంచి తీసేయాలి, 375 అడుగుల హద్దు చూసేటప్పుడు కూడా. ర్యాంపుకు పైన రేకులున్నా లేకున్నా దాన్ని కట్టడంగా కొలవకూడదు, కొలతల ఫారంలో దానికి విడిగా గడి పెట్టాలి. ఆ భాగానికి అనుమతి లేదన్న పెనాల్టీ వేయకుండా, కట్టాక క్రమబద్ధం చేసుకునే వీలు ఇవ్వాలి. మీటర్లు వచ్చే చోట డాక్టరు ధ్రువీకరించిన అదనపు నీటికి చార్జీ పడకూడదు, ఆ ఇళ్ల కుళాయిని బకాయి కారణంగా తీసేయకూడదు.

410 అడుగుల ఇంటివాళ్ల నోటీసు మీద పన్ను ఈ ఏడాదికి కట్టించేశాం, వడ్డీ పడకుండా. వాళ్ల స్కెచ్చు, అబ్బాయి సర్టిఫికెట్ అర్జీకి మొదటి అనుబంధంగా పెట్టాం. గెలిచిన కేసును రెండో అనుబంధంగా పెట్టాం, ఎందుకంటే టేపుతో సరిచేయలేని కేసు 410 అడుగుల ఇంటిదే.